ఫినెట్ ఆగిన వీధి

తెల్లవారగానే లియోపోల్ గింగ్రా చేసే మొదటి పని ఫినెట్ డెక్కలు కడగడం. మాంట్రియాల్ ఊళ్ళో పాయింట్ సాన్-షార్ల్ అనే పేటలో రేకుల కప్పు వేసిన గుర్రాలశాల, దాని మీద రెండు గదుల ఇల్లు. కింద గుర్రం, పైన ఆయన. బకెట్టు నీళ్ళతో డెక్కలు కడిగి, జూలు దువ్వి, తోలు పట్టీలకు నూనె రాసి, బగ్గీ కట్టుకుని కాలువ వంతెన దాటి ప్లాస్ దార్మ్ చేరేసరికి నోత్రదామ్ బసిలికా గంటలు మోగుతుంటాయి. ఆ చౌకులో మిగతా బగ్గీల వెనక తన బండి నిలిపి, టోపీ సర్దుకుని, ఊరు చూడవచ్చిన వాళ్ళ కోసం ఎదురుచూస్తాడు.

ఫినెట్ బూడిదరంగు ఆడగుర్రం. బండిలో ఎవరైనా అబద్ధం చెబితే ఆగిపోతుంది. అన్న మాట సరిదిద్దుకుంటే మళ్ళీ నడుస్తుంది. అంతకుమించి దాని గురించి చెప్పుకోవాల్సింది లేదు. పక్క బండి తోలే రోజే అనే ఆయన గుర్రం నీటిగుంట కనబడితే దాటదు, ఇంకొకాయన గుర్రం బ్యాండుమేళం వింటే వెనక్కి నడుస్తుంది. గుర్రాలన్నాక ఏదో ఒకటి ఉంటుంది. నడివీధిలో ఫినెట్ ఆగిందంటే కూడలిలో పోలీసు కూడా ఈల నోట్లోంచి తీసి, "లియో, ఏమన్నావయ్యా? సరిచేసుకో, వెనక బస్సుంది," అనేవాడు.

పాపం లియోకి కథలు చెప్పడమంటే ప్రాణం. "ఈ మేడ కిటికీలో ఒక నావికుడి భార్య మొగుడి కోసం చచ్చేదాకా కూర్చుంది," అంటే గుర్రం టక్కున ఆగేది. "కూర్చుందట," అంటే నడిచేది. ఆ కిటుకు పట్టుకున్నాక ఆయన మాటల చివర ఓ 'ట' తగిలించడం నేర్చుకుని హాయిగా బతికాడు.

హాయిగా లేనిది ఆయన కూతురు సోలాంజ్.

తల్లి చిన్నప్పుడే పోయింది. బడిలో ఆ పిల్ల పక్కన కూర్చున్న ఆడపిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. ఎంత రుద్ది స్నానం చేసినా కోటులో గుర్రం వాసన పోయేది కాదు. ఒకసారి వానలో తండ్రి బడికి వచ్చి, ఆమెతోపాటు నలుగురు పిల్లల్ని బగ్గీ ఎక్కించుకున్నాడు. దారిలో వాళ్ళు మొహాలు చూసుకుని నవ్వుతుంటే సోలాంజ్ ఉక్రోషంతో, "మా నాన్నకి పెద్ద దుకాణం ఉంది. ఈ బండి ఊరికే సరదాకి," అంది. ఫినెట్ ఆగింది. అప్పుడది పడుచుగుర్రం, ఇంకా మొండిది. వాన కురుస్తూనే ఉంది. లియో వెనక్కి తిరగలేదు, పగ్గాలు కదపలేదు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని, "దుకాణం లేదు, ఇదొక్కటే ఉంది," అనేదాకా బండి కదల్లేదు. ఆ తర్వాత సోలాంజ్ ఆ బగ్గీ ఎక్కలేదు.

పెద్దయ్యాక ఆమె ఒక నోటరీ ఆఫీసులో ఉద్యోగం సంపాదించి, ఊరికి అటు చివర రోజ్‌మాంట్‌లో గది తీసుకుంది. మొదట్లో వారం వారం తండ్రిని చూడ్డానికి వచ్చేది. తర్వాత పండగలకి వచ్చేది. వచ్చినప్పుడు కోటు విప్పి గుమ్మం బయట తగిలించేది, వాసన పట్టకుండా. లియో అది చూసేవాడు. ఓసారి ఆయనే గుమ్మం బయట ఒక మేకు కొట్టి పెట్టాడు.

ఆఫీసులో ఆమెకు ఎటియెన్ వయాంకూర్ పరిచయమయ్యాడు. క్యుబెక్ నగరంలో పేరున్న నోటరీ కొడుకు, ఇక్కడ పని నేర్చుకుంటున్నాడు. నెమ్మదస్తుడు, నవ్వితే చెవులు ఎర్రబడతాయి. ఒకరోజు మాటల్లో, "మీ అమ్మానాన్నా?" అని అడిగాడు. "అమ్మ పోయింది," అంది సోలాంజ్. "నాన్న?" ఆమె చేతిలోని కప్పు వంక చూస్తూ, "లేరు," అంది. ఇంట్లో లేరనో, దగ్గర లేరనో ఏదో ఒకటి అని తనకి తాను చెప్పుకుంది. ఎటియెన్ మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని, "క్షమించు, అడక్కుండా ఉండాల్సింది," అన్నాడు. అక్కడ గుర్రం లేదు. ఆ మాట అలాగే ఉండిపోయింది.

పెళ్ళి మాట వచ్చింది. కాబోయే కోడలిని చూసుకోవడానికి సెప్టెంబరులో ఒక శనివారం ఎటియెన్ తల్లిదండ్రులు మాంట్రియాల్ వచ్చారు. తల్లి జెర్మేన్ గారు ఈ ఊళ్ళో కాలుపెట్టింది ఎప్పుడో ఎక్స్‌పో ప్రదర్శన జరిగినప్పుడు. వచ్చిందగ్గర్నుంచి ప్రతిదాన్నీ తన ఊరితో తూచడమే. మౌంట్ రాయల్ ఎక్కి ఊరంతా చూపిస్తే, "కొండ బాగానే ఉంది. మా క్యుబెక్ కోట ముందు ఇదెంత," అంది. సాన్ జోసెఫ్ ఒరేటరీ గుడి దగ్గర భక్తులు మోకాళ్ళ మీద మెట్లు ఎక్కుతుంటే మాత్రం తన ఊరి మాట ఎత్తకుండా సిలువ గుర్తు వేసుకుంది. మెట్ల మీద పాకుతున్న ఒక ముసలాయన వీపు చూసి సోలాంజ్ తల తిప్పేసుకుంది. ఎందుకో ఆమెకే తెలియలేదు.

భోజనాలయ్యాక జెర్మేన్ గారు, "నోత్రదామ్ బసిలికా చూడకుండా పోతే మా చర్చిలో అందరూ నవ్వుతారు," అంది.

"అక్కడ ఇవాళ జనం ఎక్కువండీ," అంది సోలాంజ్. "రేపు పొద్దున వెళదాం."

"రేపు రైలుందమ్మాయ్."

బసిలికాలో ఉన్నంతసేపూ సోలాంజ్ కళ్ళు మూసుకుని ప్రార్థించింది. ఆ నీలం కప్పూ బంగారు చుక్కలూ ఏమీ చూడలేదు. బయటికి వచ్చేటప్పుడు ఆ ముగ్గురికీ వెనకగా నడిచింది. అయినా లాభం లేకపోయింది. గుర్రాల వరస ముందునుంచి పోతుంటే ఫినెట్ మెడ చాచి ఆమె కోటు జేబులో మూతి పెట్టింది.

"చూశారా, దీనికి మన పిల్ల నచ్చింది," అని జెర్మేన్ గారు మొదటిసారి మనసారా నవ్వింది. "ఈ బండే ఎక్కుదాం. ఏమయ్యా, ఖాళీయేనా?"

లియో బండి ముందు తోలేవాడు కూర్చునే పెట్టె మీదినుంచి చూశాడు. ముందు కూతురి కొత్త కోటు చూశాడు, తర్వాత ఆమె చెయ్యి పట్టుకున్న కుర్రవాణ్ణి, తర్వాత ఆ పెద్దవాళ్ళ తోలు చేతితొడుగుల్ని. ఆఖర్న ఆమె మొహం. సోలాంజ్ తల ఇలా, కనబడీ కనబడనట్టు అడ్డంగా ఊపింది.

ఆయన టోపీ తీశాడు. "ఖాళీయేనమ్మగారూ. దయచేయండి."

కిందికి దిగి ఒక్కొక్కరికీ చెయ్యి అందించి ఎక్కించాడు. సోలాంజ్ వంతు వచ్చేసరికి చెయ్యి ప్యాంటుకి బాగా తుడుచుకుని చాచాడు. "జాగ్రత్త మేడమ్, మెట్టు ఎత్తుగా ఉంటుంది," అన్నాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకోకుండా బండి అంచు పట్టుకుని ఎక్కింది.

బండి నోత్రదామ్ వీధిలో మెల్లగా సాగింది. న్యాయస్థానం, సిటీ హాలు, ఆ వసారాలో ఎవరెవరు నిలబడి ప్రసంగించారట, పోర్టు వైపు దిగే వాలు, నావికుల చిన్న గుడి. అన్నిటికీ లియో పద్ధతిగా 'ట' చేర్చి చెప్పుకుపోయాడు. అలవాటుగా వేసే హాస్యాలు ఆ రోజు వెయ్యలేదు. సోలాంజ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కమాట కూడా మాట్లాడకుండా కూర్చుంది. మాట్లాడకుండా ఉండటం అబద్ధం కాదు. ఫినెట్ నడుస్తూనే ఉంది.

సాన్-పోల్ వీధిలోకి తిరిగారు. ఇరుకు వీధి, రాళ్ళు పరిచిన బాట. జెర్మేన్ గారికి కాళ్ళ నొప్పులు తగ్గి ప్రాణం కుదుటపడింది. ఇక మాటల్లో పడింది.

"ఒక్కడివే ఉంటావా, పెళ్ళాం పిల్లలూ ఉన్నారా?"

"ఆవిడ పోయి చాలా కాలమైందమ్మగారూ."

"అయ్యో. పిల్లలు?"

లియో పగ్గాల వంక చూసుకున్నాడు. "లేరండి."

ఫినెట్ ఆగింది.

జెర్మేన్ గారి భర్త అర్మాన్ గారు అంతవరకూ కునికిపాట్లు పడుతున్నవాడు కళ్ళు తెరిచాడు. "ఓహో, ఆ రకం గుర్రమా? మా మేనమామ దగ్గర కూడా ఒకటుండేది. ఎన్నికల్లో నిలబడ్డప్పుడు దాన్ని అమ్మేశాడు. సరిదిద్దుకోవయ్యా, మాదేం పోయింది."

వెనక చేపల వ్యాను వచ్చి నిలిచింది. డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి, "లియో, కానివ్వు. చేపలు ఎండకి చస్తున్నాయి," అని అరిచాడు.

"అవి నిన్ననే చచ్చాయి కదరా," అని ఎవరో దుకాణం గుమ్మంలోంచి అన్నారు.

లియో గొంతు సవరించుకున్నాడు. "ఒక కూతురుందమ్మగారూ."

బండి కదిలింది.

"ఉన్న పిల్లని లేదనడమేమిటయ్యా, తప్పు కదూ? ఏం చేస్తుంది?"

"ఆఫీసులో ఉద్యోగం. బాగా చదువుకుంది. నాలాంటిది కాదు." గుర్రం నడుస్తోంది. ఆ నడకతో లియోకి ధైర్యం వచ్చింది. సోలాంజ్‌కి ఆయన వీపు మాత్రమే కనబడుతోంది, ఆ వీపు నిటారుగా అయింది. "నేనంటే దానికి చాలా ఇది. ప్రతి ఆదివారం వచ్చి చూసిపోతుంది."

ఫినెట్ ఆగింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. చేపల వ్యాను కూడా హారను కొట్టలేదు. ఎటియెన్ మెల్లగా, "పాపం," అన్నాడు. సోలాంజ్ గురించి తండ్రి చెప్పగలిగిన ఒక్క మంచి మాటా గుర్రానికి సరిపోలేదు.

"ప్రతి ఆదివారం కాదులెండి," అన్నాడు లియో. "వీలున్నప్పుడు." గుర్రం చెవి కదిపింది, కాలు కదపలేదు. ఆయన ఇంకాస్త గొంతు తగ్గించాడు. "ఈస్టరుకి వచ్చింది."

బండి కదిలింది. ఇప్పుడు సెప్టెంబరు అని అందరికీ తెలుసు.

జెర్మేన్ గారికి నిజంగానే కోపం వచ్చింది. "ఎలాంటి పిల్లండీ ఇది! ఇదే ఊళ్ళో ఉండి, కన్నతండ్రిని ఈస్టరు నుంచి..." అని, పక్కనున్న సోలాంజ్ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "తండ్రి లేని నీలాంటిదాన్ని అడిగితే తెలుస్తుంది ఆ విలువ. చెప్పమ్మాయ్, మీ నాన్న బతికుంటే నువ్విలా చేసేదానివా?"

ఎటియెన్ ఆమె వంక ప్రేమగా చూస్తున్నాడు. అర్మాన్ గారు చూస్తున్నాడు. పెట్టె మీద లియో ఊపిరి బిగబట్టాడు.

"చేసేదాన్ని కాదు," అంది సోలాంజ్.

ఫినెట్ నాలుగు కాళ్ళూ రాళ్ళలో పాతుకున్నట్టు ఆగిపోయింది.

మాట్లాడింది ఎవరో అందరూ విన్నారు. జెర్మేన్ గారి చెయ్యి సోలాంజ్ చేతి మీద అలాగే ఉండిపోయింది, కానీ అందులో వెచ్చదనం పోయింది.

"గుర్రానికి డెక్కలో రాయి ఇరుక్కున్నట్టుందమ్మగారూ," అన్నాడు లియో గబగబా. "కాదు, ఎండకి అలిసిపోయింది. ముసలిదైపోయింది, తికమకపడుతోంది." ఒక్కో మాటకీ ఫినెట్ ఇంకాస్త తల దించుకుంటోంది. ఆయన కిందికి దూకాడు. తోలు పట్టీలు ఊడదీసి, గుర్రాన్ని పక్కకి తప్పించి, బగ్గీ నొగల మధ్య తాను నిలబడ్డాడు. "ఇంక కాస్త దూరమే. నేను లాక్కుపోతాను. మీరు కూర్చోండి, దిగకండి."

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు అర్మాన్ గారు.

లియో నొగలు రెండు చేతులా పట్టుకుని ముందుకి వంగాడు. నలుగురు కూర్చున్న బండి అది. మొదట కదల్లేదు. ఆయన మెడ నరాలు ఉబ్బాయి, టోపీ జారి రాళ్ళ మీద పడింది. బండి జానెడు కదిలింది. మళ్ళీ జానెడు. దుకాణాల గుమ్మాల్లో జనం నిలబడి చూస్తున్నారు. ఊరు చూడవచ్చిన ఒకాయన కెమెరా ఎత్తాడు, చేపల వ్యాను డ్రైవరు దిగివచ్చి ఆ కెమెరాకి అడ్డంగా నిలబడ్డాడు.

సోలాంజ్ మెత్తని సీటు మీద కూర్చుని ఉంది. తండ్రి ఆమెను లాగుతున్నాడు. ఆమె అబద్ధాన్ని మోసుకుపోవడానికి గుర్రం ఒప్పుకోలేదు, ఆయన ఒప్పుకున్నాడు. నున్నటి నడినెత్తి మీద చెమట మెరుస్తోంది. ఇంకా కూర్చోడం ఆమె వల్ల కాలేదు.

దిగేటప్పుడు కాలు మెలిపడి మోకాళ్ళ మీద పడింది. లేచి వెళ్ళి ఆయన చేతుల మీద చేతులు వేసి ఆపింది. బండి వైపు తిరిగింది గానీ ఎవరి మొహమూ చూడలేకపోయింది. చక్రం వంక చూస్తూ చెప్పింది.

"ఈయన మా నాన్న. చనిపోలేదు. ఈస్టరు నుంచి రానిది నేనే."

బండి లేని ఫినెట్, ఆ మాట వినగానే, ఒంటరిగా వీధి వెంట నడుచుకుంటూ పోయింది.

జెర్మేన్ గారు భర్త భుజం పట్టుకుని దిగింది, చేతితొడుగులు సరిచేసుకుంది, "మన హోటలు ఎటు?" అని కొడుకుని అడిగింది. ఎటియెన్ ఇటు చూశాడు, అటు చూశాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. "అమ్మకి దారి తెలీదు, సోలాంజ్," అన్నాడు. వాళ్ళతో వెళ్ళిపోయాడు.

లియో టోపీ తీసుకుని దుమ్ము దులుపుకున్నాడు. "పిల్లలు లేరన్న మాట దగ్గరే వేరేగా ఏదో చెప్పాల్సింది. తోచలేదు తల్లీ. నీ సంబంధం చెడగొట్టాను."

"నువ్వు ఊరుకో నాన్నా," అంది సోలాంజ్. చేపల వ్యాను డ్రైవరు ఓ చెయ్యి వేస్తే ముగ్గురూ కలిసి బండిని ఓ పక్కకి తోశారు. తర్వాత తండ్రీ కూతురూ గుర్రాన్ని వెతుక్కుంటూ బయల్దేరారు.

అక్టోబరు వచ్చింది. కొండ మీద మేపుల్ చెట్లు ఎర్రబడ్డాయి. ఎటియెన్ పని మానుకుని వేరే చోట చేరాడు, ఫోను చెయ్యలేదు. సోలాంజ్ ఆదివారాలు పాయింట్‌కి వెళ్ళడం మొదలుపెట్టింది. ఇది ఇష్టమని చెప్పడానికి లేదు. సిగ్గుపడుతూ వెళ్ళేది, సిగ్గుపడుతూ తిరిగి వచ్చేది. ఆ రోజు సంగతి ఇద్దరూ ఎత్తేవారు కారు. ఆమె బఠానీ సూపు కాచేది, ఆయన బాగుందనేవాడు. కోటు మాత్రం లోపలే కుర్చీకి తగిలించేది.

ఒక ఆదివారం సూపు గిన్నె తీసుకుని ప్లాస్ దార్మ్‌కి వెళ్ళింది. తండ్రి తింటుంటే పక్కన నిలబడింది. అప్పుడు ఎటియెన్ వచ్చాడు. బుగ్గలు పీక్కుపోయి ఉన్నాడు. ఆమెతో కాదు, లియోతో మాట్లాడాడు. "బండి కావాలండి. ఇద్దరికి. ఆమె వస్తానంటే."

లియో కూతురి వంక చూశాడు. ఆమె ఎక్కింది. బసిలికా వెనకబడ్డాక ఎటియెన్ మొదలుపెట్టాడు.

"ఆ రోజు అమ్మకి దారి తెలీదని వెళ్ళాను."

ఫినెట్ ఆగింది. ఎటియెన్ మొహం మీద చెయ్యి వేసుకున్నాడు.

"అందరూ చూస్తున్నారని వెళ్ళాను. నిలబడలేకపోయాను."

నడిచింది.

"మీ నాన్నగారు ఏ పని చేస్తే నాకేమిటి? నాకు దాని పట్టింపు లేదు."

ఆగింది. ఈసారి చాలాసేపు ఆగింది. బస్సు ఒకటి వెనక వచ్చి నిలబడింది, డ్రైవరు చేతులు కట్టుకుని ఎదురుచూశాడు. పెట్టె మీద లియో గుర్రం చెవుల మధ్యనుంచి ముందుకు చూస్తూ రాయిలా కూర్చున్నాడు. సోలాంజ్‌కి దిగిపోవాలనిపించింది. కానీ ఎటియెన్ గొంతు విని ఆగింది.

"పట్టింపు ఉంది," అన్నాడు అతను. "రాత్రీ పగలూ అదే ఆలోచిస్తున్నాను. మా ఇంటికి వచ్చేవాళ్ళకి ఏమని చెప్పాలి, అమ్మ ఎలా చూస్తుంది. నాకు సిగ్గుగా ఉంది, సోలాంజ్. అలా సిగ్గుపడుతున్నందుకు ఇంకా సిగ్గుగా ఉంది."

ఫినెట్ డెక్కలు రాళ్ళ మీద మళ్ళీ మోగాయి.

సోలాంజ్ తండ్రి వీపు వంక చూసింది. ఆయన వింటున్నాడని తెలుసు. మాట మింగెయ్యొచ్చు. మౌనానికి గుర్రం ఆగదు.

"నాకూ అంతే," అంది. "చిన్నప్పటి నుంచీ."

బండి తడబడలేదు. అదే నడక.

కాసేపటికి లియో, వెనక్కి తిరగకుండానే, "నాకు తెలుసమ్మా," అన్నాడు. ఆ మాటకీ ఫినెట్ ఆగలేదు. ఆయన పగ్గాలు ఒక చేతిలోకి మార్చుకుని, రెండో చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత, బస్సుకి దారి ఇస్తూ బండిని పక్కకి తీసి, "ఎడమ పక్కన సిటీ హాలు," అని మామూలుగా చెప్పాడు.

పెళ్ళి మే నెలలో పాయింట్‌లోని పేట చర్చిలో జరిగింది. అర్మాన్ గారు జలుబు చేసిందని కబురు పంపాడు. ఆ కబురు బగ్గీలో కూర్చుని చెప్పలేదు కనక దాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. జెర్మేన్ గారు ఒక్కతే రైల్లో వచ్చింది. స్టేషను దగ్గరికి లియో స్వయంగా వెళ్ళాడు, కొత్త కోటు వేసుకుని, ఫినెట్ జూలుకి తెల్ల రిబ్బను కట్టి. ఆయన చెయ్యి అందించాడు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, ఆ చెయ్యి పట్టుకుని ఎక్కింది. ఆవిడ సామాను పెట్టె పట్టుకున్న కూలీ, వెనక టాక్సీల వాళ్ళు చూస్తున్నారు.

మర్యాదకి ఏదో ఒకటి అనాలి. మిమ్మల్ని చూడటం ఎంతో సంతోషంగా ఉంది అని నోటిదాకా వచ్చింది. ముందు నిక్కబొడుచుకున్న బూడిదరంగు చెవుల వంక చూసి ఆవిడ ఆగిపోయింది.

"వచ్చాను," అంది.

ఫినెట్ నడిచింది.